సౌందర్యమును నేరమును: చీనా సుందరీగాథలు – గురజాడ కథాగేయములు

రూపవతియైన స్త్రీని వర్ణింపని సాహిత్యము లోకమున లేదు. ఆమె కన్నులకును, నడకకును, మేనికాంతికిని ఉపమానములు వెదకుటలో ఏ దేశపు కవియు వెనుదీసినవాడు కాడు. వర్ణనమునందు ఇంత పోలిక కానవచ్చుచుండగా, ఆ రూపవతి కథ ఎట్లు ముగియవలెనను విషయమున మాత్రము ఒక్కొక్క జాతి ఒక్కొక్క త్రోవ తొక్కినది. ఆమె చక్కదనమువలన రాజ్యము కూలినదని చెప్పు కథలు కొన్ని. ఆ చక్కదనమువలన ఆమెయే కూలినదనియు, పిదప దేవతయైనదనియు చెప్పు కథలు కొన్ని. మొదటి తెగకు చీనాదేశమున ప్రసిద్ధికెక్కిన సుందరీగాథలును, రెండవ తెగకు మన విజయనగర శ్రీకాకుళ ప్రాంతములందు ప్రచారమున నున్న గాథలును మంచి ఉదాహరణములు. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, గురజాడ వేంకట అప్పారావుగారి (1862–1915) ‘పూర్ణమ్మ’, ‘కన్యక’ అను కథాగేయములలో సులభముగా కంటబడని యొక విశేషము వెల్లడియగునని మా యభిప్రాయము. సుందరి కథలో నేరమెవరిది? అను ప్రశ్నకు గురజాడ ఇచ్చిన సమాధానమే ఆ విశేషము.

ఇది ప్రభావనిరూపణము కాదని ముందుగనే మనవి చేయుచున్నాము. క్రీ.శ. 7వ శతాబ్దమున హ్యూన్‌త్సాంగ్ కళింగాంధ్రదేశములను గూర్చి వ్రాసినాడు. వంశధారాతీరమున శాలిహుండము వంటి బౌద్ధక్షేత్రములు వెలసినవి. అంతమాత్రమున చీనా గాథలు మన గాథలలోనికి దిగివచ్చినవనుట సాహసము. రెండు దీపముల వెలుగున ఒక వస్తువును చూచినచో దాని రెండు పార్శ్వములును కనబడును. మేము చేయబూనినది అంతమాత్రమే.

1. నలుగురు సుందరులు

చీనా వాఙ్మయమున అతిలోకసుందరులుగా నలుగురు స్త్రీల నెన్నుట పరిపాటి. మొదటిది సీషి. క్రీ.పూ. 5వ శతాబ్దమున యువే, వూ అను రెండు రాజ్యములు పోరాడుచుండెను. ఓడిన యువే రాజు గౌజియన్, వాగునీటిలో పట్టును ఉదుకుకొనుచున్న ఈ పల్లెపడుచును తెప్పించి, ఆటపాటలు నేర్పించి, గెలిచిన వూ రాజు ఫూచాయ్ కడకు కానుకగా పంపెనట. ఫూచాయ్ ఆమె మోహమున రాజ్యభారము మరచెనట. క్రీ.పూ. 473లో వూ రాజ్యము నశించినది. రెండవది వాంగ్ జావోజున్. ఈమె హాన్ వంశపు యువాన్ చక్రవర్తి అంతఃపురమున నుండి, క్రీ.పూ. 33లో ఉత్తరపు మైదానములనేలు షియోంగ్ను ప్రభువు హూహన్యేకు సంధికై ఇయ్యబడినది. మూడవది డియావోచాన్. ‘మూడు రాజ్యముల కథ’ అను ప్రసిద్ధ నవలలో ఈమె, దుర్మార్గుడగు మంత్రి డాంగ్ జువోకును, అతని పెంపుడు కుమారుడు లూ బూకును నడుమ పగ పుట్టించును. డాంగ్ జువో 192లో లూ బూ చేతిలో చచ్చుట చరిత్ర. డియావోచాన్ అను పేరు మాత్రము చరిత్రకారుల గ్రంథములలో లేదు. నాలుగవది యాంగ్ గ్వేఫే. ఈమె తాంగ్ వంశపు షువాన్‌జాంగ్ చక్రవర్తికి ప్రియురాలు. 755లో ఆన్ లూషాన్ తిరుగబడగా చక్రవర్తి రాజధాని విడిచి పారిపోవుచు 756లో మావేయి అనుచోట విడిసెను. వెంటనున్న సైనికులు, ఈ యనర్థమునకు మూలము ఆమె కుటుంబమేయని, ఆమె ప్రాణములు కోరిరి. చక్రవర్తి ఇచ్చెను. ఆ చావు కడుపున పెట్టుకొని బై జూయి 806లో వ్రాసిన దీర్ఘగీతము తూర్పు ఆసియా అంతట వ్యాపించినది.

ఈ నాలుగు కథలను చెప్పునప్పుడు మనము వాడవలసివచ్చిన క్రియలను గమనింపుడు. సీషి పంపబడినది. జావోజున్ ఇయ్యబడినది. డియావోచాన్ నియోగింపబడినది. గ్వేఫే చంపబడినది. అన్నియు కర్మణి ప్రయోగములే. జావోజున్ తానై ముందునకు వచ్చినదని ఒక చరిత్రగ్రంథము చెప్పుచున్నది. డియావోచాన్ ఇష్టపూర్వకముగనే ఒప్పుకొనినదని నవల చెప్పుచున్నది. అయినను పన్నుగడ వాంగ్ యూన్ అను మంత్రిది, సంధి చక్రవర్తిది. ఇట్లు కర్తృత్వము లేనివారిపై ఫలభారమంతయు మోపుట ఈ గాథల మొదటి లక్షణము. వ్యాకరణమున కర్మగా నున్నది, నింద వచ్చుసరికి కర్తయగుచున్నది.

2. చేపలు మునుగుట

ఈ నలుగురి రూపమును నాలుగు మాటలలో పొగడుట చీనాలో అలవాటు. సీషి నీడను వాగులో చూచి చేపలు ఈదుట మరచి అడుగునకు పోయినవట. జావోజున్‌ను చూచి మింటనెగురు అడవిబాతులు రెక్క లాడింపక నేల రాలినవట. డియావోచాన్‌ను చూచి చంద్రుడు మబ్బు చాటు చేరెనట. గ్వేఫేను చూచి పువ్వులు సిగ్గున ముడుచుకొనినవట. మన ఆలంకారికులు వీనిని చూచినచో అతిశయోక్తియను పునాదిమీద నిలిచిన ప్రతీప, వ్యతిరేకములని నిర్ణయింతురు. ఉపమేయము ముందు ఉపమానము తలవంచినది. ప్రకృతి ఓడినది, స్త్రీ గెలిచినది.

కాని ఈ పొగడ్త పుట్టుపూర్వములు వేరు. క్రీ.పూ. 4వ శతాబ్దపు తత్త్వవేత్త జువాంగ్‌జి పేర వెలసిన గ్రంథమున చేపల ప్రసక్తి కలదు. మావో చియాంగ్, లీ జీ అను ఇరువురు స్త్రీలను మనుష్యులు సుందరులందురు. కాని వారిని చూచినచో చేపలు లోతునకు మునుగును, పక్షులు పైకెగురును, లేళ్లు పరుగెత్తును. వీనిలో లోకపు సౌందర్యమునకు ప్రమాణమెరిగినదేది? అని ఆ తత్త్వవేత్త ప్రశ్న. అనగా చేపలు అందమునకు మురిసి మునుగలేదు; మనుష్యరూపమును చూచి బెదరి మునిగినవి. భయమును సూచించిన దృష్టాంతము కాలక్రమమున స్తోత్రమైనది. సౌందర్యము చూచువాని కంటిలోనిదని చెప్పుటకు పుట్టిన మాట, సౌందర్యము స్త్రీలోని జయించు శక్తియని చెప్పుటకు పనికివచ్చినది. ఇంతటి తలక్రిందులైన అర్థపరిణామము సాహిత్యచరిత్రలో అరుదు. ఆ శక్తి స్త్రీదే యని యొకసారి ఒప్పుకొనినచో, దానివలన కలుగు కీడునకు బాధ్యతయు ఆమెదే యగును. స్తోత్రమునకును నిందకును వేరు ఒక్కటియే.

3. కోట కూల్చు చూపు

ఈ వేరు ఎంత లోతున నున్నదో చూపు గాథ ఇంకొకటి కలదు. హాన్ వంశపు వూ చక్రవర్తి (క్రీ.పూ. 141–87) కొలువున లీ యన్నియన్ అను గాయకుడుండెను. ఉత్తరదేశమున ఒక సుందరి కలదనియు, ఆమె ఒక చూపున నగరము కూలుననియు, మరుచూపున దేశమే కూలుననియు భావము గల పాటను అతడు చక్రవర్తి యెదుట పాడెను. ఆ సుందరి అతని చెల్లెలే. చక్రవర్తి ఆమెను అంతఃపురమునకు తెచ్చుకొనెను. నాటినుండి ‘నగరమును కూల్చునది, దేశమును కూల్చునది’ యనుట చీనాభాషలో అందగత్తెకు పర్యాయపదమైనది. కూలిన కోటను చూచి ఏడ్చుచు అన్న మాట కాదది; కొలువున పొగడుచు అన్న మాట. అన్న చెల్లెలిని ప్రభువునకు ఎరుకపరచుటకు వాడిన మాట. మెచ్చుకోలులోనే అభియోగపత్రము సిద్ధమైయున్నది.

ఆ చెల్లెలి చావు కథ మరింత గమనింపదగినది. ఆమె రోగము పాలై మంచమున నుండగా చక్రవర్తి చూడవచ్చెను. ఆమె దుప్పటితో మోము కప్పుకొని ఎంత వేడినను చూపలేదు. చుట్టుపట్లవారు తప్పు పట్టగా, రూపముచేత కొలువు సంపాదించినవారికి రూపము తగ్గినచో ప్రేమ తగ్గును, ప్రేమ తగ్గినచో దయయు పోవును, నా చెడిన మొగము చూచినచో నా అన్నదమ్ములను ఆయన ఆదరింపడు అని చెప్పెనట. దేశమును కూల్చు చూపు గలదని పాడబడిన స్త్రీకి, తన ముఖము తన సొత్తు కాదని తెలియును. ఆమె వివేకము ముందు ఆ పాట వట్టి గాలిమాట.

చీనా కవులందరును ఈ నిందను ఒప్పుకొనలేదు. తాంగ్ యుగాంతమున లువో యిన్ అను కవి సీషిపై నాలుగు పాదముల పద్యము వ్రాసి ఒక ప్రశ్న వేసినాడు. వూ రాజ్యము సీషివలన నశించినచో, పిమ్మట యువే రాజ్యము ఎవరివలన నశించినది? దానికి సమాధానము లేదు. ఆధునికుడగు లూ శున్ 1934లో వ్రాసిన ఒక వ్యాసమున, పురుషులేలు సమాజమున స్త్రీకి దేశము చెరుపగల శక్తి యెన్నడును లేదనియు, రాజ్యనాశము బాధ్యత పురుషులదే యనియు కుండబద్దలు కొట్టినట్లు చెప్పెను. ఐనను లోకప్రసిద్ధమైన గాథ మారలేదు. వాదముచేత గాథను ఖండింపవచ్చును. గాథను మార్చుటకు మరియొక గాథ కావలెను. గురజాడ చేసినది ఈ రెండవ పని.

4. పుత్తడిబొమ్మ

‘పూర్ణమ్మ’ కథ తెలుగు చదువరులందరికిని తెలిసినదే. పూజారి యింట పుట్టిన పిల్ల. చెరువుగట్టున నున్న దుర్గకు వేళవేళకు పూచిన పూవులు తెచ్చి కొలుచును. ఋతువులు తెచ్చు పూవులతోను పండ్లతోను పాటు ఆమె రూపమును పెరుగును. తల్లిదండ్రులు ధనమునకు లోబడి ఆమెను ముదుసలికి ముడివేయుదురు. మగడు కొనిపోవ వచ్చిన దినమున ఆమె అన్నదమ్ములకడ సెలవు పుచ్చుకొని దుర్గ గుడికి పోవును. మరల రాదు.

ఈ గేయమున ఆమెకు గురజాడ ఇచ్చిన బిరుదు ‘పుత్తడిబొమ్మ’. తెలుగువారు ఆడుపిల్లను ముద్దు చేయుటకు వాడు మాట ఇది. వినుటకు ఇంపు, అర్థమునకు సుళువు. కాని పుత్తడికి తూకము గలదు, ధర గలదు. ముద్దుమాటలోనే అమ్మకపు మాట దాగియున్నదని ఈ గేయము చదివినపుడు మాత్రమే మనకు తోచును. తండ్రి చేసినది ఆ రూపకమును అక్షరాలా ఆచరించుట. కూతురు బంగారము అని లోకమనును. అతడు దానిని బంగారమునకు మార్చుకొనెను. గురజాడ కొత్త మాట కల్పింపలేదు. వాడుకలోని మాటను కథలో నిలిపి, దాని రెండవ ముఖము మనకు చూపెను.

ఇచట జావోజున్ గాథతో చక్కని సామ్యమున్నది. చక్రవర్తి అంతఃపురస్త్రీలను చిత్తరువులు చూచి ఎన్నుకొనుచుండెననియు, తక్కినవారు చిత్రకారునకు బంగారమిచ్చి అందముగా వ్రాయించుకొనుచుండ జావోజున్ ఇయ్యకపోగా, మావో యన్‌షౌ అను చిత్రకారుడు ఆమెను వికారముగా వ్రాసెననియు, అందుచే చక్రవర్తి ఆమెను చూడకయే పరదేశమునకు ఇచ్చివేసెననియు తరువాతి కాలపు కథ. అక్కడను ఇక్కడను ఆడుదాని యోగమును నిర్ణయించినది బంగారమే. అక్కడ బంగారము ఇయ్యనందున రూపము మరుగుపడెను. ఇక్కడ బంగారము పుచ్చుకొనినందున రూపము నీటిపాలయ్యెను. ఐతే చీనా కథ చిత్రకారుని శిక్షించి, చక్రవర్తిని జాలిపడదగిన విరహిగా నిలిపినది. గురజాడ గేయమున జాలిపడదగిన కొనుగోలుదారుడు లేడు. తల్లిదండ్రులు నెనరును న్యాయమును విడిచిరని కవియే నోరు విప్పి చెప్పుచున్నాడు.

ఇది ఊహించి వ్రాసినది కాదు. ‘కన్యాశుల్కము’ మొదటి కూర్పు (1897) పీఠికలో గురజాడ ఒక లెక్క నిచ్చియున్నారు. విజయనగర ప్రభువు ఆజ్ఞచే విశాఖపట్టణ మండలమున బ్రాహ్మణుల యిండ్ల జరిగిన శుల్కవివాహముల పట్టీ మూడేండ్లకు తయారుచేయగా 1034 తేలినవి. అనగా ఏటికి సుమారు 344. పెండ్లికూతులలో అయిదేండ్లవారు 99, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల వెల 350 మొదలు 400 రూపాయలు. ఈ పట్టీ కళ్లముందుంచుకొని ‘పుత్తడిబొమ్మ’ యను మాటను మరల చదువవలెను.

5. తిరిగి యిచ్చుట

గేయము ముగింపు మా వాదమునకు ఆయువుపట్టు. పూర్ణమ్మ చెరువున మునిగినదని కవి తిన్నగా చెప్పడు. ఆమె కన్నులకాంతి కలువలను చేరినదనియు, మేనిపస మేలిమిబంగారమును చేరినదనియు, నడకల సొంపు హంసలను చేరినదనియు, ఆమె దుర్గను చేరినదనియు చెప్పి ఊరకుండును.

ఈ కల్పనము కాళిదాసునుండి వచ్చినది. రఘువంశము ఎనిమిదవ సర్గమున ఇందుమతి మరణింపగా అజమహారాజు, ఆమె పలుకు కోకిలలయందును, నడక హంసలయందును, చూపు లేళ్లయందును నిలిపిపోయినదని విలపించును. కుమారసంభవము అయిదవ సర్గమున తపస్సునకు పోవు పార్వతి తన విలాసములను తీగెలయందును, చూపులను ఆడులేళ్లయందును ఇల్లడ పెట్టినట్లున్నదని చెప్పబడినది. గురజాడకు ఈ రెండును తెలియక పోవు. కాని ఆయన చేసిన మార్పు మిక్కిలి విలువైనది. ఇందుమతి ఆ గుణములను మగని ఓదార్పునకై వదలిపోయినది. కనుక అవి ఇంకను అజునివే. పార్వతి వ్రతము ముగిసినపిదప తిరిగి పుచ్చుకొనుటకై దాచినది. కనుక అవి శివునికై నిలిచియున్నవి. పూర్ణమ్మ విషయమున ఏడ్చు మగడు లేడు, తిరిగి పుచ్చుకొను దినము లేదు. కలువలకు కలువలది, పసిడికి పసిడిది, హంసకు హంసది ముట్టినది. కొన్నవానికి మిగిలినది శూన్యము.

ఇప్పుడు చీనా పొగడ్తను దీని ప్రక్కన నుంచుడు. అక్కడ ప్రకృతి సుందరి ముందు ఓడిపోయినది. చేప మునిగినది, చంద్రుడు దాగినాడు. ఇక్కడ ప్రకృతి ఓడలేదు. తన సొమ్ము తాను అందుకొనినది. అక్కడ సౌందర్యము ఇతరులను కూల్చు బలము. ఇక్కడ సౌందర్యము ఎరవు తెచ్చినది, అమ్ముటకు ఎవరికిని హక్కు లేనిది. ఉపమానోపమేయముల సంబంధమును ఈ విధముగా ఋణసంబంధముగా మార్చుటచేత, అలంకారమే న్యాయనిర్ణయమైనది. ఇది చమత్కారమునకై చేసిన అలంకారము కాదనుటకు వేరు సాక్ష్యమక్కరలేదు.

మరియొక చిన్న విషయము. సెలవు పుచ్చుకొనునప్పుడు పూర్ణమ్మ అన్నదమ్ములను కోరినది రెండే కోరికలు. నలుగురును కూడి నవ్వుకొనువేళ తన పేరు తలచుకొనవలెను. వారికి పుట్టబోవు బిడ్డలలో ఒకతెకు తన పేరు పెట్టవలెను. సీషి, గ్వేఫేల పేర్లు రాజనీతి బోధించువారికి హెచ్చరికలుగా మిగిలినవి. పూర్ణమ్మ తన పేరు ఒక పసిబిడ్డకు ముద్దుపేరుగా మిగులవలెనని కోరినది. ఏడ్పు మాట ఒకటియు లేని ఈ కోరికలలో కరుణరసము పరాకాష్ఠనందినదని మేము తలంచుచున్నాము.

6. కూలిన కోట

‘కన్యక’ గేయమున రూపవతి కోటను నిజముగనే కూల్చినది. కోమటియింటి కన్నియ అలంకరించుకొని పట్టపగలు నడివీధిని గుడికి పోవుచుండగా రాజు కంటబడినది. అతడు పట్టి తెమ్మనెను. ఆమె గుడికి పోయి దేవుని కొలిచి, రాజువైనచో నన్ను ఇప్పుడు పట్టుకొమ్మని సవాలు చేసి అగ్నిగుండమున దూకెను. పిదప రాజు గర్వము మట్టిగలిసినది. కోటపేటలు నక్కలకు ఆటపట్టైనవి. పెనుగొండ వాసవీకన్యక గాథ దీనికి మూలము. ఆ గాథలో రాజు విష్ణువర్ధనుడు, తండ్రి కుసుమశ్రేష్ఠి. 102 గోత్రములవారు ఆమెతోపాటు అగ్నిప్రవేశము చేసిరని ప్రతీతి. గేయమున మన దృష్టి ఆ ఒక్క కన్నియపైననే నిలుచును.

ఒక చూపు, ఒక నగరనాశము: లీ యన్నియన్ పాటలోని రెండు అంశములును ఇచట ఉన్నవి. ఐతే చూపు ఎవరిది? చీనా పాటలో సుందరి చూచినది, కోట కూలినది. ‘కన్యక’లో రాజు చూచినాడు, కోట కూలినది. కన్నియ కోట కేసి చూడనైన లేదు; ఆమె గుడికి పోవుచున్నది. ఈ ఒక్క మార్పుతో కార్యకారణసంబంధము తిరుగబడినది. పడమటి ఝౌ వంశపు యూ రాజు బావో సీ అను సుందరిని నవ్వించుటకై యుద్ధసంకేతపు మంటలు వెలిగించి సామంతులను మోసగించెననియు, క్రీ.పూ. 771లో నిజముగా శత్రువులు రాగా ఎవరును రాలేదనియు కథ. మంట వెలిగించినది రాజు. నింద నవ్విన స్త్రీది. గురజాడ కథలో మంటలోనికి దూకినది కన్నియ. నింద చూచిన రాజుది. లువో యిన్ ప్రశ్నగా అడిగిన దానిని గురజాడ కథగా చెప్పినాడు.

7. పైడితల్లి చెరువు

విజయనగరమున పూర్ణమ్మ కథ చదువువారికి పెద్దచెరువు తలపునకు రాక మానదు. 1757 జనవరి 24న బొబ్బిలియుద్ధము జరిగినది. బుస్సీ సేనలును విజయనగరపు సేనలును బొబ్బిలికోటను ముట్టడింపగా, లోనున్న స్త్రీలను శత్రువుల చేతికి చిక్కనీయరాదని బొబ్బిలివారు తామే వధించిరి. రాణి మల్లమదేవి మరణము నేటికిని కథకులనోట కన్నీరు తెప్పించు ఘట్టము. మూడవనాటి రాత్రి తాండ్ర పాపారాయుడు శిబిరమున చొచ్చి విజయరామరాజును చంపెను. ఆ వార్త విని రాజు సోదరి పైడిమాంబ పెద్దచెరువున లీనమై, పిమ్మట విగ్రహరూపమున వెలసి పైడితల్లియైనదని ఐతిహ్యము. మూడులాంతర్లవద్ద చదురుగుడి, రైలుస్టేషను చెంత వనంగుడి ఆమెవి. విజయదశమి పిదప వచ్చు మంగళవారమున సిరిమాను ఊరేగింపు చూచుటకు లక్షలాది జనము చేరుదురు.

పైడియన్నను పుత్తడియన్నను ఒక్కటే. చెరువు ఒక్కటే. అమ్మవారిని చేరుటయు ఒక్కటే. చీనాలోను సుందరి కథ నీటిలో ముగియుట కలదు. సీషి తన యందమువలననే నీట ముంచబడినదని మోజి గ్రంథము చెప్పుచున్నది. వేరొక కథలో ఆమె ఫాన్ లీ అను మంత్రితో పడవనెక్కి సరస్సులమీద కనుమరుగైనది. మా జియువాన్ నాటకమున జావోజున్ పొలిమేర నదిలో దూకి మరణించును. కాని ఆ నీటినుండి వారు దేవతలై లేవరు. మన ప్రాంతమున లేచుదురు. ఈ భేదము మనకు గర్వకారణమని తొందరపడి అనుకొనవచ్చును.

మేమట్లు తలంచుట లేదు. నింద యెట్లు అసలు దోషిని కప్పిపుచ్చునో, పూజయు అట్లే కప్పిపుచ్చగలదు. గ్వేఫేను నిందించినవారు చక్రవర్తి అసమర్థతను విచారింపలేదు. బొబ్బిలి స్త్రీల మరణమును కీర్తించువారు, ఇద్దరు ప్రభువుల పగకు వారేల బలియైరని విచారింపరు. దేవతయైనదని తెలిసిన వెంటనే మనసు కుదుటపడును, విచారణ ముగియును. పూర్ణమ్మ దుర్గను చేరినదను మాటను కూడ కొందరు ఇట్టి ఊరటగా చదువుచున్నారు. గేయమును అట్లు చదువుట తగదు. చివరిమాటకు ముందున్న మాటలన్నియు తల్లిదండ్రుల ధనాశను సాక్షులవలె చూపుచునేయున్నవి. దుర్గను చేర్చినది భక్తి కాదు, బేరము.

8. ఒక ఆక్షేపణ, మధురవాణి

ఇచట ఒక ఆక్షేపణకు తావు కలదు. పూర్ణమ్మయు కన్యకయు రూపవతులు కాకున్నచో మనమింత చలింతుమా? పట్టీలోని 1034 మంది పిల్లలందరును పుత్తడిబొమ్మలు కారు. కురూపియైన పిల్లను అమ్మినను అది అమ్మకమే. సౌందర్యమును నేరమునుండి విడిపించిన కవి, దయను సౌందర్యమునుండి విడిపింపలేకపోయెనా?

గేయముల వరకు ఈ ఆక్షేపణ కొంత నిలుచును. ‘కన్యాశుల్కము’ నాటకమును కలిపి చూచినచో నిలువదు. ఆ నాటకమంతయు సుబ్బి పెండ్లి తప్పించుట చుట్టును తిరుగుచున్నది. సుబ్బి అందమును గూర్చి నాటకము మనకు చెప్పునది దాదాపు లేదు. చెప్పకపోవుటయే దాని బలము. ఆమెను కాపాడవలసినది ఆమె పిల్ల గనుక, అందగత్తె గనుక కాదు.

ఇక ఆ నాటకమున అందమునకు అధిదేవత మధురవాణి. విజయనగరపు ఈ వేశ్యను డియావోచాన్‌తో పోల్చి చూడదగును. ఇరువురును రూపమును ఆయుధముగా పట్టి, పలువురు పురుషులను ఒకరికొకరు తెలియకుండ ఆడించిరి. డియావోచాన్ వెనుక వాంగ్ యూన్ నీతి ఉన్నది. మధురవాణికిని కరటకశాస్త్రి వచ్చి సాయమడిగినాడు. కాని ఆపైన పన్నాగమంతయు ఆమె బుద్ధినుండి పుట్టినది, ఎక్కడ ఆపవలెనో ఆమెయే నిర్ణయించినది. తుదకు సౌజన్యారావు పంతులు తన నియమమును తప్పి ముద్దు పెట్టుకొనబోవు ఘట్టమున ఆమె వారించినది. చెడనివారిని చెడగొట్టరాదని తల్లి చెప్పినదట. కూల్చగలిగియు కూల్చని సుందరి ఈమె. లోకము సుందరికి అంటగట్టిన శక్తి ఆమెకు నిజముగా ఉన్నచో, దానిని ఎట్లు వాడుననుటకు గురజాడ చూపిన ఉదాహరణము మధురవాణి. కర్మణి ప్రయోగమునుండి కర్తరి ప్రయోగమునకు సుందరి వచ్చినది ఇచటనే.

కనుక మేము తేల్చినది ఇది. చీనా గాథలు సుందరిని నిందించి పురుషుని కాపాడినవి. మన ప్రాంతపు గాథలు సుందరిని పూజించి పురుషుని మరచినవి. గురజాడ ఈ రెండు త్రోవలను విడిచి, పూర్ణమ్మ కథలో అమ్మినవారిని, కన్యక కథలో చూచినవానిని పేర్కొని బోనులో నిలిపినారు. ‘పూర్ణమ్మ’ నేటికిని మన పాఠశాలలలో పిల్లలచే వల్లె వేయింపబడుచున్నది. బాల్యవివాహముల దురాచారము పోయినదిగదా యని దానిని గతకాలపు శోకగీతముగా బోధించుట పరిపాటియగుచున్నది. ఆడుపిల్ల పెండ్లి యనగనే ఇచ్చునది ఎంత, పుచ్చుకొనునది ఎంత యను మాటలు ఇంకను మన యిండ్ల వినబడుచున్నంత వరకు, బేరము దిక్కు మాత్రమే మారినదని ఒప్పుకొనవలెను. ‘పుత్తడిబొమ్మ’ యను మాటవద్ద ఉపాధ్యాయుడు ఒక్క నిమిషమాగి, పుత్తడికి ధర కట్టునదెవరని పిల్లలను అడిగినచో ఆ గేయమునకు తగిన వ్యాఖ్యానము చేసినవాడగును.